తెరకెక్కు పాట – పాటగాని హక్కు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఉగాదికి ముందు ఆత్మకూరు వీథులలో కన్నడ దేశపు భక్తులు గుంపులు గుంపులుగ నడచిపోవుచుందురు. వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగ నల్లమల నడిమి బాట పట్టి వారు శ్రీశైల మల్లికార్జునుని సన్నిధికి చేరుదురు. ఆ దారి పొడవునను పాట వినవచ్చుచునే యుండును. పాదములు బొబ్బలెక్కినను, ఎండ మాడ్చినను, పాట వారిని ముందునకు నడిపించును. ఆ పాటలను ఎవరు కట్టిరని అడిగినవారు లేరు. కట్టినవారికి ఏమి ముట్టినదని విచారించినవారును లేరు. పాట గాలివంటిది, ఏటినీటివంటిది, అందరిదియు అని పూర్వులు తలంచిరి.

నేడు పాట వీథినుండి తెరమీదికి ఎక్కినది. చలనచిత్రము, టెలివిజను, ప్రకటన చిత్రము, ఓటీటీలో వచ్చు ధారావాహిక, యూట్యూబులో వచ్చు లఘుచిత్రము – ఇన్ని తెరలకును పాట కావలెను. సినిమా కంపెనీ గడప త్రొక్కని పల్లెటూరి గాయకుని పాటకును ఈనాడు గిరాకి కలిగినది. గిరాకి ఉన్నచోట బేరముండును. బేరమున్నచోట తెలిసినవాడు నిలుచును, తెలియనివాడు నష్టపోవును. కావున ఎవరి కొలువునందును లేక, తన పాటను తానే కట్టి పాడుకొను కళాకారుడు ఆ పాటను తెరకు ఏ పద్ధతిని ఈయవలెనను విషయము ఇచ్చట విచారింపదగియున్నది.

ఆత్మకూరిలో ఒక యువకుడున్నాడనుకొనుడు. శ్రీశైలమునకు నడచిపోవు యాత్రికులపై అతడొక పాట వ్రాసినాడు. అతని స్నేహితుడు దానికి వరుస కట్టినాడు. పినతండ్రి కుమార్తె పాడినది. యువకుడు తన సొంత సొమ్ము వెచ్చించి నంద్యాలలో ఆ పాటను రికార్డు చేయించి యూట్యూబులో పెట్టినాడు. కొన్నాళ్లకు ఒక చిత్రనిర్మాణ సంస్థనుండి ఫోను వచ్చినది. "మీ పాటను మా సినిమాలో వాడుకొందుము. పదివేల రూపాయలు పంపుచున్నాము. కాగితముపై సంతకము చేసి పంపండి" అని చెప్పిరి. ఇంటిల్లిపాదికిని సంతోషము. తల్లి పాయసము వండినది. వచ్చిన కాగితము మాత్రము ఇంగ్లీషులో నాలుగు పుటలు ఉన్నది. ఆ యువకుడు సంతకము చేయవలెనా? చేయుటకు ముందు అతడు తెలిసికొనవలసిన సంగతులేవి?

మొట్టమొదట, పాట అనునది ఒకే ఆస్తి కాదని తెలియవలెను. చెవికి ఒక్కటిగ వినబడు పాటలో చట్టము నాలుగు పాళ్లను చూచుచున్నది. మాటలు సాహిత్య రచన. వాని హక్కు వ్రాసినవానిది. వరుస సంగీత రచన. దాని హక్కు కూర్చినవానిది. గానము ప్రదర్శన, అందు పాడినవారికిని, వాద్యము వాయించినవారికిని ప్రదర్శకుల హక్కు కలదు. నాలుగవది రికార్డు. దీనినే ఆ వ్యాపారములోనివారు మాస్టరు అందురు. పూనిక వహించి, బాధ్యత తలకెత్తుకొని రికార్డు చేయించినవానికి దాని హక్కు చెందును.

ఈ భేదమును లోకమంతయు చూచిన సందర్భము ఒకటి కలదు. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కారు బహుమానము వచ్చినది. ఆ పాటను పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. వారు ఆ సభా వేదికపైననే దానిని పాడిరి కూడ. కాని బహుమానము అందుకొన్నవారు వరుస కూర్చిన ఎం. ఎం. కీరవాణియు, మాటలు వ్రాసిన చంద్రబోసును. ఆ బహుమానము రచనకు ఉద్దేశించినది గనుక అట్లు జరిగెను. అంతకుముందు 2017లో, ఇళయరాజా కూర్చిన పాటలను ఆయన అనుమతి లేక సభలలో పాడరాదని ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమునకు వకీలు నోటీసు వచ్చెను. నలుబది ఏండ్లుగ జనుల నాలుకలపై నున్న ఆ గొంతునకే నోటీసు రాగా, గొంతు వేరు, వరుస వేరు అను సంగతి సామాన్యులకు సైతము తెలిసివచ్చినది.

కావున ఆత్మకూరి యువకునికి తన పాటలో మాటలపైనను, రికార్డుపైనను హక్కు కలదు. వరుస అతని స్నేహితునిది. గానము చెల్లెలిది. వారిద్దరి వ్రాతపూర్వకమైన సమ్మతి లేక అతడొక్కడే పాటనంతయు ఇచ్చుటకు వీలులేదు. ముగ్గురును మొదటి దినముననే కూర్చుండి, ఎవరి పాలు ఎంత, వచ్చిన సొమ్మును ఎట్లు పంచుకొనవలెను అని ఒక కాగితము వ్రాసికొనవలెను. పాటకు పేరు రాకముందు ఈ కాగితము వ్రాయుట సులభము. పేరు వచ్చిన తరువాత కష్టము. అన్నదమ్ములు పొత్తులో ఉన్నంతకాలము పంపకపు మాట ఎవరికిని రుచింపదు. రుచింపలేదని విడిచినవారే పిదప న్యాయస్థానముల మెట్లు ఎక్కుచుందురు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పల్లెలలోని గాయకులచేత పాడించి తమ యూట్యూబు ఛానెలులో పెట్టుకొనువారు ఈనాడు చాలమంది ఉన్నారు. రికార్డు చేయించినవారు వారైనచో రికార్డుపై హక్కు వారిదే యగును. గాయకుడు తన పాటయే గదా అని దానిని మరియొకరికి ఇయ్యబోయినచో చిక్కు వచ్చును. మాటలును వరుసయు గాయకునివే యైనచో, ఆ పాటను తాను వేరుగ మరల రికార్డు చేయించుకొను హక్కును ముందుగనే వ్రాతమూలముగ నిలుపుకొనుట మేలు.

ఇక చట్టము నడచివచ్చిన దారి. భారతదేశపు కాపీరైటు చట్టము 1957లో పుట్టి 1958 జనవరి 21వ తేది నుండి అమలులోనికి వచ్చెను. సినిమాకై డబ్బు పుచ్చుకొని పాట వ్రాసినచో, వరుస కట్టినచో, వేరు ఒప్పందము లేనప్పుడు నిర్మాతయే దానికి తొలి యజమాని యగునని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కవులును స్వరకర్తలును చిరకాలము ఈ స్థితిని గూర్చి ఆవేదనపడిరి. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో సభ్యుడై వారి పక్షమున గట్టిగ వాదించెను. తుదకు 2012లో పార్లమెంటు చట్టమును సవరించెను. ఆ సవరణ ఆ సంవత్సరము జూన్ 21న అమలులోనికి వచ్చెను.

ఆ సవరణ సారాంశము ఇది. కవి గాని, స్వరకర్త గాని తన హక్కును నిర్మాతకు వ్రాసియిచ్చినను, సినిమా హాలులో చిత్రముతోపాటు ప్రదర్శించుట తప్ప, ఇతరవిధముల పాటను వాడుకొన్నప్పుడు వచ్చు రాయల్టీలో సరిసమానమైన భాగము వారికి ఉండవలెను. ఆ భాగమును వదలుకొనుచున్నానని వ్రాసి సంతకము చేసినను ఆ వ్రాత చెల్లదు. పాడినవారికిని, తమ ప్రదర్శనను వ్యాపారమునకు వాడుకొన్నప్పుడు రాయల్టీ పొందు హక్కు కలదు. ఎవరో నాలుగు పుటల ఇంగ్లీషు కాగితము పంపి "సమస్త హక్కులును శాశ్వతముగ" అని వ్రాసినను, ఈ ఒక్క గింజను మాత్రము పాటగాని గాదెనుండి తీసికొనిపోలేరు.

ఐనను, చట్టము ఉన్నదని ధైర్యపడి కాగితము చదువక సంతకము చేయుట తెలివి గాదు. ఇచ్చట రైతునకు బాగుగ తెలిసిన భేదమొకటి కలదు. భూమిని అమ్ముట వేరు, కౌలుకు ఇచ్చుట వేరు. అమ్మినవాడు క్రయపత్రముపై వ్రేలిముద్ర వేసి గట్టు దిగిపోవును. కౌలుకిచ్చినవాడు గడువు తీరగనే తన చేనిలో తాను మరల అడుగుపెట్టును. పాట విషయమునను ఇట్లే. హక్కును వ్రాసియిచ్చుట అమ్మకము వంటిది. లైసెన్సు ఇచ్చుట కౌలు వంటిది. ఒక దృశ్యముతో ఒక పాటను జతపరచుకొనుటకు ఇచ్చు అనుమతిని సినిమావారు సింక్ లైసెన్సు అందురు. రచనకు ఒక అనుమతి, రికార్డునకు ఒక అనుమతి, రెండును అవసరము. రెండును ఒకే కాగితముపై ఉండవచ్చును గాని, రెండును ఉన్నవా లేవా అని చూచుకొనవలెను. స్వతంత్ర కళాకారునకు ఉన్న బలమంతయు ఇందే యున్నది. రచనయు రికార్డును తమ చేతిలోనే ఉన్నవారితో బేరము ఒక్క పూటలో ముగియును. నిర్మాత పదిమందిని వెదకుకొనుచు తిరుగనక్కరలేదు.

భూమి దస్తావేజులో చెక్కుబందీ వ్రాయనివాడుండడు. పాట లైసెన్సునకును నాలుగు హద్దులు కావలెను.

మొదటి హద్దు వస్తువు. ఏ పాట, అందులో ఎంత భాగము, ఏ చిత్రములో, ఎట్టి ఘట్టములో – ఇవి స్పష్టముగ వ్రాయవలెను. "ఈ సంస్థ తీయు చిత్రములన్నిటిలోను" అని వ్రాసినచో కంచె లేని చేను వంటిదగును.

రెండవ హద్దు తెర. సినిమా హాలుకు మాత్రమేనా? టెలివిజనుకును ఓటీటీకిని కూడనా? చిత్రపు ప్రచారమునకు విడుదల చేయు ట్రెయిలరులో వాడవచ్చునా? సబ్బు అమ్ముకొను ప్రకటనలో వాడవచ్చునా? ఒక్కొక్క తెరకు ఒక్కొక్క వెల. ప్రకటన చిత్రమునకు ప్రత్యేకముగ అడుగవలెను.

మూడవ హద్దు కాలమును దేశమును. హక్కును వ్రాసియిచ్చిన పత్రములో గడువు చెప్పనిచో అది ఐదేండ్లని చట్టము భావించును. దేశము చెప్పనిచో భారతదేశము వరకేయని భావించును. పుచ్చుకొన్న హక్కును ఒక సంవత్సరములోపల వాడుకొననిచో, వేరు షరతు లేనప్పుడు, అది రద్దగును. ఈ నియమములు లైసెన్సులకును తగినట్లు వర్తించును. కాని కాగితముపై "శాశ్వతముగ, విశ్వమంతట" అని ఉన్నచో ఈ రక్షణలు అక్కరకు రావు. అందుచేతనే ఆ రెండు మాటలకొరకు కాగితమంతయు వెదకవలెను. రచయిత హక్కు అతని జీవితకాలమును, అతని మరణానంతరము 60 ఏండ్లును నిలుచును. అనగా అది మనుమలకు సైతము దక్కవలసిన ఆస్తి. దానిని ఒక్క పూట సంతోషములో పోగొట్టుకొనరాదు.

నాలుగవ హద్దు ఏకభోగము. ఈ పాటను ఆ సంస్థ ఒక్కటే వాడుకొనునా, లేక పాటగాడు మరియొకరికి కూడ ఇచ్చుకొనవచ్చునా? ఒకరికే యని వ్రాయించుకొన్నవారు అధికముగ చెల్లింపవలెను. అట్లు వ్రాసినను, పాటగాడు తన పాటను తాను సభలలో పాడుకొనుటకును, తన ఛానెలులో ఉంచుకొనుటకును అడ్డులేదని వేరుగ వ్రాయించుకొనవలెను.

హద్దుల తరువాత సొమ్ము. దీనికి ప్రభుత్వము కట్టిన ధర లేదు. చిత్రపు పెట్టుబడి, పాట నిడివి, తెరల సంఖ్య, గడువు – వీనినిబట్టి వెల మారును. విద్యార్థులు తీయు చిన్న చిత్రమునకు ఉచితముగ ఇచ్చినను దోషము లేదు. కాని ఉచితముగ ఇచ్చునప్పుడే కాగితము మరింత అవసరము. ఆ చిన్న చిత్రమును రేపొక పెద్ద సంస్థ కొన్నచో ఏమగునో నాడే వ్రాసియుండవలెను. సొమ్ము ఎప్పుడు ముట్టవలెనో తేదీతో సహా వ్రాయవలెను. "సినిమా విడుదలైన తరువాత" అనుట ఎన్నడును రాని పండుగకు బట్టలు కుట్టించుకొనుట వంటిది. ఎన్ని చిత్రములో విడుదల గాక పెట్టెలలోనే ఉండిపోవుచున్నవి.

సొమ్ముతో సమానమైనది పేరు. తెరపై కవి పేరు, స్వరకర్త పేరు, గాయని పేరు ఏ అక్షరములతో ఎచ్చట పడవలెనో వ్రాయించుకొనవలెను. మర్యాద ఇంకొకటి. యాత్రికుల భక్తిపాటను త్రాగుబోతుల దృశ్యమునకు జతపరచినచో కట్టినవాని మనస్సు నొచ్చును. రచయిత తన హక్కును అమ్ముకొన్నను, తన రచనను తన గౌరవమునకు భంగము కలుగునట్లు వికృతము చేయకుండ అడ్డుకొను అధికారమును చట్టము అతనికి ఉంచినది. ప్రదర్శకులకును అట్టి అధికారము 2012 నుండి కలదు. దృశ్యమెట్టిదో ముందుగ అడిగి తెలిసికొనుట ఇంకను ఉత్తమము.

ఇచ్చువాడు పరీక్షించుకొనవలసినది మరియొకటి కలదు. తనది కానిదానిని ఎవరును కౌలుకీయలేరు. ఇంటర్నెట్టునుండి దించుకొన్న వాద్యఘోషపై పాడిన పాట, పాత సినిమా వరుసలో మాటలు మార్చిన పాట – వీనిని తెరకిచ్చి, "ఇది పూర్తిగ మాది" అని సంతకము చేసినచో, పిదప వచ్చు దావా భారమంతయు పాటగానిపైననే పడును.

జానపద గేయముల మాట ఇంకను సున్నితమైనది. ఈ సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను పాటగ పాడని పల్లె అరుదు. 1847లో కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసిన నాటినుండి ఆ కథ నోటినుండి నోటికి వచ్చినది. అట్టి పాటను కట్టినవారెవరో తెలియదు, అది జనుల సొత్తు, ఎవరైనను పాడవచ్చును. కాని ఒక గాయకుడు దానిని పాడి చేయించిన రికార్డు జనుల సొత్తు గాదు. అతడు క్రొత్తగ చేర్చిన చరణములును అట్లే. 2021లో వచ్చిన 'లవ్ స్టోరీ' చిత్రములోని 'సారంగ దరియా' పాట విషయమున ఈ ప్రశ్నయే లేచినది. జానపద గేయపు పల్లవిని తీసికొని సుద్దాల అశోక్ తేజ సినిమాకు పాట వ్రాసిరి. ఆ గేయమును తన అవ్వవద్ద నేర్చి ముందుగ లోకమునకు వినిపించినది తానేయని వరంగల్లు ప్రాంతపు గాయని ఒకామె అడిగినది. పత్రికలలోను టెలివిజనులోను వాదము నడచినది. తుదకు దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరును పారితోషికమును ఇచ్చుటకు అంగీకరించిరి. పెద్దమనుష్యులు మాట్లాడుకొని తీర్చుకొన్నారు గనుక మేలైనది. కాని ఎప్పుడు పాడినది, ఎవరివద్ద నేర్చినది అను సంగతులు ముందుగనే కాగితముమీద ఉండినచో వాదమే పుట్టియుండెడిది కాదు.

ఇది నిదర్శనముల ప్రాముఖ్యమును తెలుపుచున్నది. కాపీరైటు పాట పుట్టుటతోడనే పుట్టును. నమోదు నిర్బంధము గాదు. ఐనను ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయమున నమోదు చేయించుకొన్నచో న్యాయస్థానమున అది తొలి సాక్ష్యముగ నిలుచును. 2013 నాటి నియమావళి ప్రకారము మాటలకు గాని వరుసకు గాని రుసుము ఒక్కొక్కదానికి 500 రూపాయలు. రికార్డునకు 2,000 రూపాయలు. ఎవరైన అనుమతి లేక పాటను వాడుకొన్నచో, హక్కుదారుడు తాను నివసించు చోటి జిల్లా న్యాయస్థానముననే దావా వేయవచ్చును. హైదరాబాదునకో బొంబాయికో పరుగెత్తనక్కరలేదు. కవులకును స్వరకర్తలకును రాయల్టీలు వసూలుచేసి పంచు సంఘమొకటి, ఐ.పి.ఆర్.ఎస్. అనునది, 1969 నుండి ఉన్నది. అందు సభ్యులైనవారి పాటలు రేడియోలోను టెలివిజనులోను సభలలోను వాడినప్పుడు వారి భాగము వారికి చేరుటకు మార్గముండును. కాని పాటను దృశ్యమునకు జతపరచు అనుమతిని మాత్రము సాధారణముగ యజమానియే నేరుగ ఇయ్యవలెను.

కృష్ణకు ఆవలి ఒడ్డున, నల్లమల అంచుననే, దర్శనము మొగులయ్య అను కళాకారుడు కలడు. పన్నెండు మెట్ల కిన్నెరను మోసికొని ఊరూర పాడినవాడు. 2022లో విడుదలైన 'భీమ్లా నాయక్' చిత్రపు పాటకు ఆయన గొంతే ఎత్తుగడ. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 2024లో అదే మనుష్యుడు కట్టడపు పనిలో కూలిచేయుచుండగ చూచితిమని పత్రికలు వ్రాసినవి. ఆ వార్త చదివినవారి కన్నులు చెమర్చినవి. బిరుదు పెట్టెలో ఉండును, చప్పట్లు ఆ సాయంకాలమునకు సరిపోవును. కళాకారుని ముదిమిలో గంజిపోయవలసినవి రెండే: సమాజపు కృతజ్ఞత, తన పాటపై తన హక్కు. మొదటిది ఇతరుల చేతిలోనిది. రెండవదానిని కాపాడుకొనుట కొంతవరకైన తన చేతిలోనిది.

ఇక ఆ ఆత్మకూరి యువకుని మాట. అతడు ఆ సాయంకాలము సంతకము చేయలేదు. కాగితమును గ్రంథాలయమునకు తెచ్చి, ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయునిచేత మాట మాటకును తెలుగు చెప్పించుకొన్నాడు. "సమస్త హక్కులు శాశ్వతముగ" అను పంక్తిని కొట్టివేసి, ఒక్క చిత్రమునకు, ఐదేండ్లకు, ఇతరులకును ఇచ్చుకొను స్వేచ్ఛతో అని వ్రాసినాడు. ముగ్గురి పేర్లును చేర్చినాడు. సొమ్ము సంతకమునాడే ముట్టవలెనన్నాడు. అవతలివారు మెచ్చి ఒప్పుకొందురో, వలదని పోవుదురో. పోయినను పాట అతని ఇంటనే యున్నది, రేపు మరియొకరు వత్తురు. సంతకము చేసి పోగొట్టుకొన్న పాట మాత్రము తిరిగిరాదు.

గ్రంథాలయము ఇందు చేయదగిన సేవ పెద్దది. కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగ తలంపలేదు. ప్రజలకు తెలివియు ధైర్యమును కలిగించు చోటుగ తలంచిరి. ఇచ్చట ఒక దప్తరు ఉంచవచ్చును. ఈ చుట్టుపట్ల పల్లెలలో చెక్కభజన పాడువారు, కోలాటపు పాటలు కట్టువారు, నల్లమల గూడెముల గాయకులు, క్రొత్తగ వ్రాయు యువకులు – వారి పాటను, ఎవరివద్ద నేర్చినదియు, ఏ తేదీన పాడినదియు అందు వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకములతో భద్రపరచవచ్చును. నమోదు పత్రమంతటి బలము దానికి లేకున్నను, వాదము వచ్చిననాడు అది నోరు విప్పి మాటాడును. కాపీరైటు చట్టపు తెలుగు సారాంశ మొకటి బల్లమీద ఉంచవచ్చును. ఇంగ్లీషు కాగితము చదివిపెట్టుటకు వారమునకొక సాయంకాలము ఒక విద్యావంతుడు ఇచ్చట కూర్చుండవచ్చును.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము అచ్చుపడిన మాటను కాపాడినది. ఇకమీదట అచ్చు ఎరుగని పాటను సైతము కాపాడుగాక! ఈ సీమ పాట ఎన్ని తెరలకైనను ఎక్కుగాక! ఎక్కినచోటనెల్ల దాని వెంట పాటగాని పేరును, పాటగాని పాలును కూడ వెళ్లుగాక!